పంపుగది పాఠం

సోమవారం

ఈ దినచర్యను ఉమ్మడి మండలి చదువుతుందని నాకు తెలుసు. చదవనివ్వండి. ప్రతి ఉపాధ్యాయుడూ రోజూ ఒక పుట రాయాలనీ, చివర మనసు ఎలా ఉందో ఒక్క మాటలో చెప్పాలనీ మీ నియమం. ఇన్నాళ్లూ "ప్రశాంతం" అని రాసి పంపాను. ఇవాళ మాత్రం రాయలేను. మనసు మండిపోతోంది.

పొద్దున ఎండ సైరన్ మోగేలోపే పిల్లలందరినీ కిందికి దింపాం. ఫాల్గుణం దాటాక ఆనకట్ట పైన బడి నడపడం ఎవరి తరమూ కాదు. కాంక్రీటు కడుపులో, ఒకప్పుడు ఇంజనీర్లు ఊట చూసుకోవడానికి కట్టిన సొరంగంలోనే మా తరగతులు జరుగుతాయి. గోడల నిండా చెమ్మ. గది మధ్యలో నేల మీద ఒక పసుపు గీత. గీతకు ఈవల మా దిగువనాడు, ఆవల ఎగువనాడు. యుద్ధం ఆగి నాలుగేళ్లయింది. ఆనాటి సంధిలో నాకు నచ్చిన మాట ఒక్కటే ఉంది: రెండు దేశాల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని నీతి నేర్చుకోవాలి, ఒకరినొకరు మనుషులుగా చూడడం చిన్నప్పుడే అలవాటైతే పెద్దయ్యాక చంపుకోరు. ఆ మాట నమ్మే నేను ఈ ఉద్యోగానికి వచ్చాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకం లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది?

ఇవాళ కొమురవ్వ కడియం మళ్లీ ఎర్రబడింది.

కడియాలను తెల్లవారగానే ఛార్జి ఎక్కడానికి ఎండలో పరచి, తర్వాత పిల్లల చేతులకూ నా చేతికీ తొడగడం నా పని. నాడి నెమ్మదిగా కొట్టుకుంటే కడియం ఆకుపచ్చగా వెలుగుతుంది. కోపం వస్తే ఎరుపు. ఒకే పిల్ల కడియం మూడుసార్లు ఎర్రబడితే శమనశాలకు పంపాలి. అక్కడ చెవి వెనక ఒక బిళ్ల అతికిస్తారు. పోయిన చలికాలం అలా వెళ్లొచ్చిన పిల్లవాడు ఒకడు మా బడిలోనే ఉన్నాడు. ఇప్పుడు అందరినీ చూసి నవ్వుతాడు. కిందపడి మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా నవ్వుతాడు.

ఇవాళ చదివించింది ఏడో పాఠం. "మంచు కమ్మిన ఒక ఉదయం ఎగువనాటి పంపుగదిలో ప్రమాదం జరిగింది. ఇరుదేశాలూ ఎంతో విచారించాయి." మొత్తం పాఠంలో ఆ సంగతి గురించి ఉన్నది ఈ రెండు వాక్యాలే. మిగతాదంతా పావురాలు, ఇంద్రధనుస్సులు.

కొమురవ్వ తల్లి ఆ పంపుగదిలో పని చేసేది.

"టీచరమ్మా, ప్రమాదమంటే ఏంది?" అని అడిగింది.

"అనుకోకుండా జరిగే చెడ్డ సంగతి."

"మరి డ్రోను అనుకోకుంట ఎట్లస్తది? తొవ్వ తప్పిందా?"

నేను జవాబు చెప్పేలోపే దాని చేయి ఎర్రగా వెలిగింది. ఇది రెండోసారి.

మంగళవారం

సంచాలకులు ప్రభాకరం గారు పిలిచారు. ఆయనా మా దిగువనాటివారే. గొంతు ఎప్పుడూ పెంచరు. నాకు ఒళ్లు మండేది అందుకే.

"అమృతవల్లి గారూ, ఆదివారం మైత్రి పండుగ. రెండు దేశాల అధ్యక్షులూ ఆనకట్ట మీదికి వస్తున్నారు. పిల్లలంతా ఏడో పాఠం ఒకే గొంతుతో చెప్పాలి, అన్ని కడియాలూ ఆకుపచ్చగా ఉండాలి. లోకమంతా చూస్తుంది. ఆ అమ్మాయిని రేపే శమనశాలకు పంపేద్దాం."

"ఇంకా రెండుసార్లే అయింది కదండీ."

"పండుగ రోజు మూడోసారి అయితే?"

"అయితే ఏమవుతుంది? తల్లి చచ్చిపోయిన పిల్లకు కోపం వచ్చిందని లోకానికి తెలుస్తుంది. అంతేగా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నీతి అంటే నిగ్రహం అండీ. మనం నేర్పవలసింది అదే. కోపం వల్లే యుద్ధాలు వచ్చాయి."

"కోపం వల్ల రాలేదండీ. పంపులు పేల్చేస్తే వాళ్లు దారికొస్తారని మన నాయకులు వేదికలెక్కి నవ్వుతూ చెప్పారు. ఆ రోజు వాళ్ల చేతులకు మీ కడియాలు తొడిగి ఉంటే ఆకుపచ్చగానే వెలిగేవి."

నా చేతి కడియం ఎర్రబడింది. ఆయన దాని వంక చూసి, కుర్చీలో వెనక్కి జరిగారు. గురువారం కెమెరాల ముందు రిహార్సల్ ఉందనీ, అప్పటిదాకా మాత్రం అమ్మాయి బడిలో ఉండవచ్చనీ చెప్పి పంపేశారు.

పంపుగది సంగతి రహస్యమేమీ కాదు. దాన్ని పేల్చిన రోజు మా వీధిలో మిఠాయిలు పంచారు. దిగువనాటిలో ఏ మనిషిని ఆపి అడిగినా, డ్రోను ఎందుకు వెళ్లిందో చెబుతాడు. అందరికీ తెలుసు. ఒక్క మా వాచకానికే తెలియదు.

బుధవారం

మధ్యాహ్నం నర్సింగం గారితో కలిసి ఊటగుంటలో నీళ్లు తోడాను. గోడల నుంచి కారే నీళ్లు వడగట్టి పిల్లల స్నానాలకు వాడతాం. ఆయన ఎగువనాటి ఉపాధ్యాయుడు. ప్రతి తరగతిలోనూ రెండు దేశాల నుంచి చెరొకరు ఉండాలి కనుక, నేను చదువు చెబుతుంటే ఆయన వెనక బల్ల మీద కూర్చుంటారు. ఆయన చెబుతుంటే నేను కూర్చుంటాను. నాకంటే పెద్దవాడు. మంచివాడు. మంచివాడు కావడంతో సరిపెట్టుకున్నవాడు.

"రేపు పిల్లలకు నిజం చెబుతానన్నా," అన్నాను.

ఆయన బకెట్ దించేశాడు. "ఏ నిజం?"

"పంపుగది సంగతి. చంపింది మా వాళ్లేనని."

"వద్దు చెల్లే. నీకు దండం పెడ్త. నాలుగేండ్ల సంది తుపాకులు మూలకు వడ్డయి. పిల్లలు ఒక్క కంచం కాడ కూసొని తింటున్నరు. గిదంత ఖరాబైతది."

"అబద్ధం మీద కూర్చుని తింటున్నారు."

"అబద్ధమో సుబద్ధమో, బతికున్నరా లేదా?"

ఆయన మాటలో నిజం ఉంది, అందుకే ఇంకా కోపం వచ్చింది. అన్నాను: "ఆ పిల్లకు నీతి చెప్పే నేను దాని ముఖం చూసి అబద్ధమాడితే, అది నా దగ్గర నేర్చుకునేది ఏమిటి? పెద్దవాళ్లు చంపవచ్చు, చంపాక అందమైన మాట ఒకటి రాసుకోవచ్చు. అదేగా? రేపు అది పెద్దదై ఒక దేశాన్ని నడిపితే అదే చేస్తుంది."

ఆయన బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయాడు. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

గురువారం

నుదుటికి కట్టు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే మీరు దీన్ని వేరేగా రాస్తారని నాకు తెలుసు.

రిహార్సల్‌కు ముందు ఒక పీరియడ్ ఖాళీ ఉంది. కెమెరావాళ్లు ఇంకా పైన తీగలు లాగుతున్నారు. నర్సింగం గారు వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చున్నారు. నేను తలుపు వేసి, పుస్తకాలు మూయమన్నాను.

"కొమురవ్వా, సోమవారం నువ్వు ఒక ప్రశ్న అడిగావు. డ్రోను తోవ తప్పలేదు. మా దేశమే పంపింది. లోపల మనుషులు పని చేస్తున్నారని తెలిసే పంపింది. దాన్ని ప్రమాదం అనకూడదు. అది హత్య. అది తప్పు. మా తప్పు."

కొమురవ్వ ఏడవలేదు. లేచి నిలబడింది.

"గిది మీకు ముందుగాల్నే ఎర్కనా?"

"తెలుసు."

"మరి మొన్నటిదాంక ప్రమాదమని ఎందుకు సదివిచ్చిన్రు?"

"భయపడి."

అది చేతిలోని రాతపలకను విసిరింది. నా నుదుటి మీద పడింది. కంట్లోకి నెత్తురు వచ్చింది. పిల్లలు కెవ్వుమన్నారు. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఇంతకాలం ఎవరి మీదా విసిరే వీలు లేక ఆ కోపాన్ని రాయిలా లోపల మోసింది.

అప్పుడు గీతకు ఈవల నుంచి తారకేశు లేచాడు. మా వాడే, చివరి దీవి పల్లెవాడు. గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"అయితే టీచర్, ఆరో పాఠం కూడా అబద్ధమేనా?"

ఆరో పాఠంలో ఇలా ఉంటుంది: "ఆ వేసవిలో వానలు లేనందున దిగువకు నీళ్లు తక్కువగా వచ్చాయి." ఆ వేసవిలో మా కాలువల్లోకి సముద్రం ఎదురెక్కింది. ఉప్పునీళ్లు తాగి పసిపిల్లలు పోయారు. తారకేశు చెల్లెలు వాళ్లలో ఒకతె.

"గేట్లు మూసేశారని మా అమ్మ చెప్పిందండీ. నిజంగా నీళ్లు లేవా? మూసేశారా?"

దానికి నేను జవాబు చెప్పకూడదు. అది నా దేశం చేసిన తప్పు కాదు. పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నర్సింగం గారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నారు. ఈయన లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

"మూసినం," అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "రిజర్వాయర్ నిండుగుండె. అయినా మూసినం. కింద పిల్లలు సచ్చిపోతున్నరని రేడియోల ఇన్నం. అయినా తియ్యలే."

గదిలో కడియాలన్నీ ఒకదాని వెంట ఒకటి ఎర్రబడ్డాయి. అన్నీ ఎర్రబడితే హెచ్చరిక సైరన్ దానంతట అదే మోగుతుంది. మోగింది. ఎవరో ఎవరినో తోశారు. ఒక పిల్ల జుట్టు ఇంకొక పిల్ల చేతిలో ఉంది. నేనూ నర్సింగం గారూ మధ్యలో పడి, విడదీసి, ఈ గోడకు కొందరినీ ఆ గోడకు కొందరినీ కూర్చోబెట్టాం. ఆయన చొక్కా చిరిగింది.

ఆ తర్వాత జరిగింది మీరు వినాలి. సైరన్ అలా మోగుతూనే ఉంది. పిల్లలు ఒగర్చుకుంటూ ప్రశ్నలు మొదలుపెట్టారు. మీట నొక్కింది ఎవరు? గేట్లు మూయమన్నది ఎవరు? వద్దని ఒక్కరైనా అనలేదా? అన్నవాళ్లను ఏం చేశారు? ఎగువనాటి పిల్ల ఒకతె తారకేశును అడిగింది, "మీ సెల్లె పేరేంది?" వాడు చెప్పాడు. ఈ బడిలో ఇంతకాలం నీతి చెప్పాను, ఇంత శ్రద్ధగా ఒక్క రోజూ వినలేదు వాళ్లు. కాపలావాళ్లు తలుపు పగలగొట్టేదాకా చెబుతూనే ఉన్నాం, ఇద్దరమూ.

శుక్రవారం

నన్ను ఆనకట్టలోనే ఉన్న ఒక పాత పంపుల గదిలో పెట్టి బయట కాపలా ఉంచారు. ప్రభాకరం గారు వచ్చారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

"ఏం చేశారో తెలుస్తోందా మీకు? కెమెరావాళ్ల ద్వారా రాత్రికే అంతటా తెలిసిపోయి, రెండు దేశాలూ రాయబారులను వెనక్కి పిలిచాయి. నీళ్ల మీద తుపాకుల పడవలు తిరుగుతున్నాయి. నాలుగేళ్ల శాంతి!"

"అంత తేలిగ్గా పోయేదాన్ని శాంతి అనకండి."

"నోరు జారానని ఒక్క మాట చెప్పండి చాలు. కెమెరా ముందు. ఉద్వేగంలో అబద్ధం చెప్పానని."

"చెప్పను."

"పిల్లల ప్రాణాల మీదికి తెస్తున్నారు."

ఆయన వెళ్లాక కిటికీ కన్నం లోంచి చూశాను. తుపాకుల పడవలు నిజమే. మా జెండావి ఈ ఒడ్డున, వాళ్ల జెండావి ఆ ఒడ్డున. అన్నం ముట్టలేదు. నర్సింగం గారు చెప్పిందే నిజమైతే? ఒక్క పిల్లకు జవాబు చెప్పబోయి అందరినీ నిప్పులోకి తోశానా? ఈ మాట రాయడానికి నాకు ఒంటినిండా కోపంగా ఉంది, కానీ రాయకపోతే మీకూ నాకూ తేడా ఉండదు.

శనివారం

పొద్దున్నుంచీ రెండు వైపుల నుంచీ పడవల్లో తల్లిదండ్రులు దిగారు. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చారు. కొందరు నన్ను చూడాలని పట్టుబట్టారు. గొడవ పెరుగుతుందని భయపడి కాపలావాళ్లే నన్ను ఆనకట్ట మీదికి తీసుకొచ్చారు.

తిట్టారు. రెండు భాషల్లో అనలేను, రెండు యాసల్లో తిట్టారు. మా వాళ్లు దేశద్రోహి అన్నారు. ఎగువవాళ్లు, మొగోళ్లను పంపి మా ఇండ్లు కూల్చి ఆడదాన్ని పంపి ఏడిపిస్తున్నరా అన్నారు. తారకేశు తల్లి, నా పక్కనే నిలబెట్టిన నర్సింగం గారి మీదికి ఉరికింది.

"నీళ్లు నిండుగా ఉన్నాయంటగా! నిండుగా పెట్టుకుని నా బిడ్డకు చుక్క వదల్లేదా మీరు?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వదల్లేదమ్మా," అన్నాడు. అంతే. ఆమె ఎత్తిన చేయి ఎత్తినట్టే ఆగింది. కొట్టలేదు. ఆయన కాళ్ల దగ్గరే కూలబడి ఏడ్చింది. ఎదురు వాదిస్తే కొట్టేదేమో.

గుంపు వెనక ఒకాయన ఇవన్నీ చూస్తూ నిలబడ్డాడు. భుజాన తువ్వాలు. కొమురవ్వ ఆయన చేయి పట్టుకుని ఉంది. తండ్రి బీరయ్య.

నా ముందుకు వచ్చి, "పిల్లలకు చెప్పినవట," అన్నాడు.

"చెప్పానండీ."

"మా ఆడామె పేరు చెప్పినవా?"

నోరు తెరిచాను. ఆమె పేరు నాకు తెలియదు. నిజం నిజం అని ఇంత అరిచాను, ఆ పిల్ల తల్లి పేరేమిటని ఒక్కరోజు అడగలేదు. ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

"నాగమణి," అన్నాడు. "పొద్దుగాల డూటీకి వోయేటప్పుడు సద్ది మర్సిపోయింది. ఇచ్చొద్దామని నేను బయలెల్లిన. తొవ్వలుండంగనే సప్పుడైంది. నాలుగేండ్లు. మీ దేశపోడు ఒక్కడన్న వచ్చి మేం చేసినమని అన్నడా? ప్రమాదమట. విచారించిన్రట." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్ను కొడదామనే వచ్చిన నేను. గా సార్‌ను చూసినంక శాతగాలే."

"పిల్లను తీసుకెళ్తున్నారా?" అని అడిగాను.

ఆయన కూతురి వైపు చూశాడు. అది తలెత్తలేదు.

"ఇంటికి తోల్కవోతే నా కాడ ఏం నేర్సుకుంటది? నా కాడ కోపం తప్ప ఏం లేదు. ఈడ గా పిలగాని చెల్లె సంగతన్న ఇంటది." గొంతు ఒక్కసారి గట్టిపడింది. "కని దాని చెవి ఎనక బిళ్ల గిట్ల పెట్టిన్రో, గీ కట్ట మీద నేనే కూసుంట. ఎవని పడవ రానియ్య."

సాయంత్రానికి సగం మంది పిల్లలు వెళ్లిపోయారు. సగం మందిని తల్లిదండ్రులు వదిలేసి వెళ్లారు, బీరయ్యను చూసి కొందరు, పోట్లాడి అలసిపోయి కొందరు. తారకేశు తల్లి మాత్రం వెళ్లలేదు, వాణ్నీ తీసుకుపోలేదు. వంటశాలలోకి వెళ్లి కూరలు తరుగుతూ కూర్చుంది. ఎవరూ వద్దనలేదు.

ఆదివారం

పండుగ రద్దయింది. అధ్యక్షులు రాలేదు. తుపాకుల పడవలు తెల్లారేసరికి చెరో మలుపు వెనక్కి తగ్గాయి. ఎందుకు తగ్గాయో మాకెవరూ చెప్పలేదు. పిల్లలు లోపల ఉండగా కాల్పులు జరిపితే చూడటానికి బాగుండదని ఎవరికో తోచి ఉంటుంది. మీరు దాన్ని దూరదృష్టి అని రాసుకుంటారు.

నా ఉద్యోగం తీసేశారు. మధ్యాహ్నం పడవకు వెళ్లిపోవాలని ఆజ్ఞ. నర్సింగం గారి సంగతి వాళ్ల దేశం తేల్చాలట, అప్పటిదాకా ఆయనే బడి నడపాలి. వేరే దిక్కు లేదు మరి. పొద్దున ఆయన ఆరో పాఠం, ఏడో పాఠం పుటలు పక్కన పెట్టి, మీకు తెలిసింది మీరే చెప్పండని పిల్లలను అడుగుతున్నాడు. తలుపు బయట నిలబడి కాసేపు విన్నాను.

సంచీ సర్దుకుని రేవు మెట్ల మీదికి వచ్చాను. పడవవాడు తాడు విప్పుతున్నాడు. వెనక నుంచి కొమురవ్వ పరుగెత్తుకొచ్చింది, దాని వెనకే తారకేశు. ఎండ సైరన్ మోగాక పైకి రాకూడదని ఇద్దరికీ తెలుసు.

"టీచరమ్మా, మీరంటే నాకు ఇంక కోపమే ఉంది," అంది.

"ఉండనీ."

"అది చెప్పనీకి రాలే. ఒకటి అడగాలె."

"అడుగు."

తారకేశును మోచేత్తో పొడిచింది. వాడు నేల చూస్తూ అన్నాడు. "గేట్లు మూసినోళ్లకీ, డ్రోను పంపినోళ్లకీ ఇళ్లల్లో పిల్లలుంటారు కదండీ. మరి ఎలా చేయగలిగారు?"

"నర్సింగం సార్‌ను అడిగినం," అంది కొమురవ్వ. "నాకూ సమజ్ కాలే, టీచరమ్మ పోకముందే ఉరికి అడుగున్రి అన్నడు."

పడవవాడు, "ఎక్కండమ్మా, ఎండకు ఇంజిన్ ఆగిపోతుంది," అని కేకేశాడు. గట్టు మీద ప్రభాకరం గారు నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నారు.

సూటి జవాబు నా దగ్గర లేదు. ఉన్న కొంచెం రెండు మాటల్లో తేలేది కాదు. దానికి ఈ పూటంతా పడుతుంది, బహుశా చాలా పూటలు పడతాయి. సంచీ మెట్టు మీద పెట్టి, పైన గొడుగు తెరిచి, ఇద్దరినీ నీడలోకి రమ్మన్నాను. ఒకరు అటూ ఒకరు ఇటూ కూర్చున్నారు.

"ముందు మీరు చెప్పండి," అన్నాను. "ఎలా చేసి ఉంటారని మీకనిపిస్తోంది?"

కొమురవ్వ చెప్పడం మొదలుపెట్టింది. పడవవాడు ఇంకోసారి పిలిచాడు, ఆగి చూశాడు, తర్వాత ఖాళీ పడవతో వెళ్లిపోయాడు.